జంట సర్వరులు

తిరుగు వస్తువేదియు ఎల్లకాలము తిరుగదు. బావిగిలక ఇరుసు అరుగును, పిండిమర బేరింగు అరుగును. కంప్యూటరులో సమాచారమును దాచు డిస్కు కూడ ఆ కోవలోనిదే. నిమిషమునకు 7,200 సారులు తిరుగు ఫలకముపై, తలవెంట్రుక మందములో వెయ్యవ వంతైనను లేని ఎత్తున, దాని చదువు ముల్లు తేలియాడుచుండును. తిరుగుడు లేని క్రొత్త తరహా డిస్కులున్నవి గాని, వానిలో వ్రాసినకొలది లోపలి అరలు అరుగును. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తెచ్చిన తొలి డిస్కు యంత్రమునకు 50 ఫలకములుండగా, అందు సుమారు 50 లక్షల అక్షరములు పట్టెడివి. నేడు అరచేతిలో ఇముడు 20 టెరాబైట్ల డిస్కులో 20 లక్షల కోట్ల అక్షరములు పట్టును. ఒక ఆసుపత్రిలోని రోగుల వివరములన్నియు, ఒక సహకార బ్యాంకులోని ఖాతాలన్నియు ఆ ఒక్క పెట్టెలో ఇముడును. పోయినచో అన్నియు ఒక్కమారే పోవును.

దీనికి మొదటి విరుగుడు పాతదే. ప్రతి అక్షరమును ఒక డిస్కుపై గాక రెండింటిపై వ్రాయుట. ఒకటి రెండవదానికి ప్రతిబింబము కనుక దీనిని అద్దపు డిస్కు అందురు. 1976లో అమెరికాలోని టాండెమ్ సంస్థ అమ్మిన ఆగని కంప్యూటరులలో ఈ ఏర్పాటు ఉండెను. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయపు పాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు చవుక డిస్కులను కూర్చు పద్ధతులను వర్గీకరించి, దీనికి మొదటి స్థాయి అని పేరిడిరి. అయితే చెడిన డిస్కు స్థానమున క్రొత్తది పెట్టి నింపుటకు వ్యవధి పట్టును. సెకనుకు 20 కోట్ల అక్షరముల వేగమున వ్రాసినను 20 టెరాబైట్లు నిండుటకు 28 గంటలు కావలెను. అంతసేపు మిగిలినది ఒంటరి. ఒకే దినమున, ఒకే తయారీలో కొన్న రెండు డిస్కులు ఇంచుమించు ఒకేసారి జబ్బు పడుటయు కలదు. కనుక వేర్వేరు తయారీలవి కొనుట మేలని మా అభిప్రాయము.

మఱియొక చిక్కు కలదు. రెండు డిస్కులును ఒకే పెట్టెలో నున్నంతవరకు వానికి కరెంటు నిచ్చు సరంజామా ఒకటే, పై కప్పు ఒకటే. ఆ సర్వరు ఆగినచో రెండు ప్రతులును క్షేమముగనే యుండును గాని, ఒక్కటియు అందదు. అందుచేత రెండు సర్వరులను పెట్టి, ఒకదాని డిస్కుపై వ్రాసినదానిని తీగ మీదుగా రెండవదానిపై కూడ వ్రాయించు పద్ధతి వచ్చినది. వియన్నాలో ఫిలిప్ రైస్నర్ ఆరంభించిన డి.ఆర్.బి.డి. అను ఉపకరణము ఇట్టిదే. 2010లో అది లినక్స్ మూలములోనే చేరినది. ఎవరును దానికి ధర చెల్లించనక్కరలేదు. రెండు సామాన్యమైన యంత్రములున్న చిన్న సంస్థయు, పెద్ద బ్యాంకులకే అందిన రక్షణను దీనితో అందుకొనగలదు.

ఇందు వ్రాతకు రెండు తీరులు కలవు. మొదటి తీరులో, రెండు డిస్కులపై పడిన పిమ్మటనే "వ్రాయుట అయినది" అని బదులు వచ్చును. రెండవ తీరులో, తన డిస్కుపై పడగానే బదులు చెప్పి, రెండవ ప్రతిని వెనుకనుండి పంపును. మొదటిది భద్రము, రెండవది వేగము. దూరము పెరిగినకొలది ఈ తేడా బయటపడును. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదునుండి విజయవాడకు దారి సుమారు 270 కిలోమీటర్లు. ఆ దారివెంట పోయి వచ్చుటకు సెకనులో వెయ్యవ వంతులు మూడింటికి కొంచెము తక్కువ పట్టును. ఒకదాని వెనుక నొకటిగా వ్రాయు పనులు ఇక సెకనుకు 370 దాటవు. పోనీ యని రెండింటిని ఒకే గదిలో పెట్టినచో నిప్పు రెండింటిని కాల్చును. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరపు ప్రభుత్వ సమాచార కేంద్రమున బ్యాటరీలనుండి మంటలు లేచి, ఉద్యోగులు పత్రములు దాచుకొను 858 టెరాబైట్ల నిలువ దగ్ధమైనది. దానికి వేరొకచోట ప్రతి లేదు.

ఇంతవరకు చెప్పినది తేలిక భాగము. అసలు ప్రమాదము యంత్రములలో గాక నడుమనున్న తీగలో కలదు. రెండు ఊళ్లలో ఒకే ధాన్యపు వ్యాపారము నడుపు అన్నదమ్ములున్నారనుకొందము. ప్రతి బేరమును టెలిఫోనులో చెప్పుకొని ఇద్దరును చిట్టాలో వ్రాసికొందురు. ఒకనాడు టెలిఫోను తీగ తెగినది. అన్న కొట్టు మూసినాడని తమ్ముడు, తమ్ముడు మూసినాడని అన్న తలచి, ఎవరికి వారు ఉన్న ధాన్యమునే అమ్ముకొనుచు పోయిరి. సాయంకాలము తీగ అతికినది. రెండు చిట్టాలును నిజమే, రెండును కలియవు. ఒకే వంద బస్తాలు ఇద్దరికి అమ్మబడినవి. ఈ వ్యాధిని ఇంజనీర్లు చీలిన మెదడు అందురు. డిస్కు చెడుట కన్న ఇది పెద్ద ఆపద, ఏలయన ఏదియు చెడినట్లు కనబడదు.

పెద్ద సంస్థలకును ఇది తప్పలేదు. 2018 అక్టోబరు 21న గిట్‌హబ్ సంస్థకు అమెరికా తూర్పు తీరపు కేంద్రముతో సంబంధము 43 సెకనులు తెగినది. ఆ కొద్ది వ్యవధిలో పెత్తనము పశ్చిమ తీరమునకు పోగా, అచటికి చేరని వ్రాతలు తూర్పున మిగిలిపోయినవి. సరిచేసి యథాస్థితికి తెచ్చుటకు 24 గంటల 11 నిమిషములు పట్టినది. అవి డిస్కుల జంట కావు, డేటాబేసుల జంట. జబ్బు మాత్రము ఒక్కటే.

విరుగుడులు రెండు. మొదటిది కొంచెము మోటుది. అనుమానము కలిగినప్పుడు ఒక సర్వరు రెండవదానికి కరెంటు తీసివేసి, ఆ పిమ్మటనే తాను పెత్తనము చేపట్టవలెను. ఇంజనీర్లు దీనికి పెట్టిన పేరును తెలిగించినచో, తోటివాని తలపై కాల్చుము అని అర్థము. పేరు క్రూరమైనను పని ధర్మమైనది. రెండవది మూడవ సాక్షి. ఈ యంత్రమునకు పెద్ద డిస్కు అక్కరలేదు. తగవులో మధ్యవర్తివలె ఎవరి పక్షమో ఒక్క మాట చెప్పిన చాలును. మువ్వురిలో ఇద్దరు ఒక్కటైన పక్షమే వ్రాయును, ఒంటరియైనది తనంతట ఆగిపోవును. మేము చూచిన కొన్నిచోట్ల డిస్కులకు ధారాళముగ వెచ్చించి, ఈ చిన్న యంత్రమునే మిగుల్చుకొనిరి. అది తగని పొదుపు.

అద్దము అద్దమే గాని దాచిన ప్రతి కాదనియు శ్రోతలు గమనింపవలెను. ఎవరైనను పొరపాటున ఫైలును చెరిపినచో రెండవ డిస్కు కూడ అంత విశ్వాసముతోను చెరుపును. 1998లో పిక్సార్ వారి "టాయ్ స్టోరీ 2" చిత్రము ఒక్క ఆజ్ఞతో చాలభాగము చెరిగిపోయినది. దాచిన టేపులు పనిచేయుట లేదని అప్పుడే తెలిసినది. ఒక ఉద్యోగిని తన ఇంట పని నిమిత్తము ఉంచుకొన్న ప్రతి వలన చిత్రము దక్కినది. తరువాత ఆ కథను చాలవరకు తిరుగవ్రాసిరి, అది వేరు సంగతి. జంట సర్వరులున్నను రాత్రికొక ప్రతిని వేరొక ఊరికి పంపుట మానరాదు.

ఏర్పాటు పూర్తియైనచో పని తక్కువగా నుండు ఆదివారము ఉదయమున మొదటి సర్వరు ప్లగ్గును తీసివేసి, రెండవది ఎన్ని సెకనులలో అందుకొన్నదో గడియారము చూచి వ్రాసికొనవలెను. పిమ్మట మొదటిదానిని కలిపినచో, నడుమ మారిన భాగములు మాత్రమే తీగపై ప్రవహించును. అవి పూర్తిగా చేరినవని తేలినవెనుక, ఈసారి ప్లగ్గును ముట్టక, రెండింటి నడుమ తీగను ఊడదీయవలెను.