విండో వచ్చి మాయమైపోతోందా? తప్పు క్రాష్ అయిన లైన్‌లో ఉండకపోవచ్చు

ఈరోజు ఎపిసోడ్ ఓపెన్‌జీఎల్ నేర్చుకుంటున్న వాళ్లకి. ప్రోగ్రామ్ రన్ చేయగానే విండో రాకముందే క్రాష్, లేదా అంతా నలుపు. మీలో చాలామందికి ఇది అనుభవమే కదా? నాకూ అయింది. దానివల్ల ఒక అబ్బాయి అనవసరంగా తిట్లు తిన్నాడు. ముందు ఆ కథ చెప్తా.

అది నా మొదటి ఉద్యోగం. విజయవాడలో ఒక టైల్స్ షాపు కోసం డెస్క్‌టాప్ యాప్ రాశాను. గది బొమ్మ త్రీడీలో వస్తుంది, టైల్ మార్చి చూడొచ్చు. సీ ప్లస్ ప్లస్, విండో కోసం జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ, ఫంక్షన్లు లోడ్ చేయడానికి గ్లాడ్. నా లాప్‌టాప్‌లో సూపర్‌గా నడిచింది. షాపులో మాత్రం డబుల్ క్లిక్ చేస్తే ఏమీ లేదు. వెంటనే క్లోజ్.

ఓనర్ ఫోన్ చేస్తే నేనేమన్నానో తెలుసా? "సార్, మా దగ్గర బానే ఉంది. మీ అబ్బాయి ఇన్‌స్టాల్ సరిగ్గా చేసుండడు." చెక్ చేసి చెప్పిన మాట కాదు, తప్పించుకోవడానికి అనేసిన మాట. అవతల ఓనర్ ఆ అబ్బాయి మీద అరవడం నాకు ఫోన్‌లోనే వినిపించింది.

క్రాష్ ఎక్కడ అని చూస్తే, షేడర్ క్రియేట్ చేసే లైన్‌లో. రెండు రాత్రులు షేడర్ కోడ్ తిరగేశాను. అందులో తప్పేమీ లేదు! మా టీమ్‌లో సీనియర్ అక్క వచ్చి ఒక్కటే అడిగింది: "అసలు కాంటెక్స్ట్ వచ్చిందా?" నా దగ్గర జవాబు లేదు.

కాంటెక్స్ట్ అంటే ఏంటి? కిరాణా కొట్లో మన పేరు మీద ఉండే ఖాతా పుస్తకం లాంటిది అనుకోండి. మీ షేడర్లు, టెక్స్‌చర్లు, సెట్టింగులు అన్నీ అందులోనే. ఖాతా తెరవకుండా సరుకు అడిగితే ఎవరిస్తారు?

ఇంకో విషయం. విండోస్‌తో వచ్చే ఓపెన్‌జీఎల్ ఫైల్‌లో నేరుగా దొరికేవి 1.1 వెర్షన్ ఫంక్షన్లే. షేడర్ల లాంటి కొత్తవన్నీ ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్‌ని అడిగి తెచ్చుకోవాలి. గ్లాడ్ చేసేది ఆ పనే. కాంటెక్స్ట్ లేకపోతే దానికి అడ్రస్‌లు దొరకవు, అన్నీ నల్.

ఇప్పుడు నా యాప్‌లో ఏం జరిగిందో చూడండి. నేను 3.3 కోర్ ప్రొఫైల్ అడిగాను. ఆ మెషీన్ ఇవ్వలేకపోయింది, కాబట్టి విండో క్రియేట్ చేసే ఫంక్షన్ నల్ ఇచ్చింది. నేను చెక్ చేయలేదు. తర్వాత గ్లాడ్ కూడా ఫెయిల్ అయి సున్నా ఇచ్చింది. అదీ చెక్ చేయలేదు. చివరికి నల్ అడ్రస్ ఉన్న షేడర్ ఫంక్షన్‌ని పిలిచాను, ఢమాల్! పడింది అక్కడ, జారింది మూడు మెట్లు పైన.

అప్పుడు వెర్షన్ ఏమీ అడగకుండా, దొరికింది ఇవ్వమనే చిన్న టెస్ట్ ప్రోగ్రామ్ రాసి పంపాను. ఆ తమ్ముడే ఓపిగ్గా రన్ చేసి వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. రెండరర్: జీడీఐ జెనరిక్. వెర్షన్: 1.1.0. ఈ పేరు కనిపిస్తే సాధారణంగా అర్థం ఇదే: గ్రాఫిక్స్ చిప్ డ్రైవర్ పని చేయట్లేదు, విండోస్ తన పాత సాఫ్ట్‌వేర్ రెండరర్‌తో నెట్టుకొస్తోంది. డివైస్ మేనేజర్‌లో చూస్తే మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంది. అది సెకండ్ హ్యాండ్ సిస్టమ్, డ్రైవర్ వేయకుండానే అమ్మేశారు. చిప్ తయారీదారు డ్రైవర్ వేయించగానే యాప్ తెరుచుకుంది.

సో, ఈ వరుస స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఒకటి, అన్నిటికన్నా ముందు ఎర్రర్ కాల్‌బ్యాక్ పెట్టండి. ఇనిషియలైజ్ చేయకముందే పెట్టొచ్చు.
రెండు, ఇనిషియలైజ్ చేసి రిటర్న్ వాల్యూ చూడండి.
మూడు, వెర్షన్, ప్రొఫైల్ హింట్లు విండో క్రియేట్ చేయకముందే ఇవ్వండి. తర్వాత ఇస్తే ఆ విండోకి పని చేయవు.
నాలుగు, విండో నల్ వచ్చిందా చూడండి. వస్తే అర్థమయ్యే మెసేజ్ చూపించి ఆగిపోండి.
ఐదు, కాంటెక్స్ట్‌ని కరెంట్ చేయండి. ఆ తర్వాతే గ్లాడ్ లోడ్ చేయండి, రిజల్ట్ చూడండి.
ఆరు, వెండర్, రెండరర్, వెర్షన్ మూడూ లాగ్ ఫైల్‌లో రాయండి.

మ్యాక్‌లో అయితే 3.2 నుంచి కోర్ ప్రొఫైల్ అడగాలి, పాత జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ వెర్షన్లలో ఫార్వర్డ్ కంపాటిబుల్ హింట్ కూడా ఇవ్వాలి. 4.1 దాటి అడిగితే రాదు. ఆపిల్ 2018లోనే ఓపెన్‌జీఎల్‌ని పక్కన పెట్టేసింది.

ఇంకో దెబ్బ కూడా తిన్నాను. లోడింగ్ లేట్ అవుతోందని టైల్ ఫొటోలన్నీ వేరే థ్రెడ్‌లో అప్‌లోడ్ చేశా. క్రాష్ లేదు, కానీ టైల్స్ అన్నీ నలుపు. కాంటెక్స్ట్ కరెంట్ అయ్యేది థ్రెడ్ వారీగా. మెయిన్ థ్రెడ్‌లో ఉన్నంత మాత్రాన పక్క థ్రెడ్‌కి రాదు. ఫైల్ చదవడం, డీకోడ్ చేయడం పక్క థ్రెడ్‌లో పెట్టుకోండి, జీఎల్ కాల్స్ మాత్రం మెయిన్ థ్రెడ్‌లోనే చేయండి.

తర్వాత ఓనర్‌కి ఫోన్ చేసి చెప్పాను: "సార్, తప్పు మీ అబ్బాయిది కాదు. డ్రైవర్ లేదు, లేదని చెప్పాల్సిన నా యాప్ చెప్పలేదు." ఆ తమ్ముడికి సారీ చెప్తే "పర్లేదన్నా, ఈసారి మెసేజ్ వచ్చేలా పెట్టు" అన్నాడు. పెట్టాను. ఇప్పుడు నా యాప్ ఫెయిల్ అయితే కారణం తానే చెప్తుంది. అవతలి వాళ్ల మీద తోసే ముందు మీ రిటర్న్ వాల్యూలు ఒకసారి చూసుకోండి.

అంతే ఫ్రెండ్స్. మీ రెండరర్ లైన్‌లో ఏం వచ్చిందో ఈరోజే ప్రింట్ చేసి చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!