బస్తీ కుటుంబములకుఁ గంప్యూటరు విద్య

 

1901వ సంవత్సరమున హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. పుస్తకము కొనలేనివారికి నాఁటి పెద్దలు పుస్తకముల గది తెఱచిరి. నేఁడు తెఱవవలసినది కంప్యూటరు గది.

2017లో కేంద్రప్రభుత్వము గ్రామములందు ఇంటికొక్కరికి 20 గంటల డిజిటల్ శిక్షణ నారంభించెను. 2024 మార్చితో నది ముగిసెను. మన పెద్దవూర విడిచి మిర్యాలగూడ రైసుమిల్లులకుఁ గూలికిఁ బోయి బస్తీలలో నివసించు కుటుంబముల కది యందలేదు. అచ్చటి తల్లి దరఖాస్తు పెట్టుటకై ఫోను పరుని చేతికిచ్చి, ఓటీపీ యంకెలు సైతము చెప్పుచున్నది. ఇంటి తాళపుచెవి యిచ్చుటకును దీనికిని భేదమేమి?

కావున నా బస్తీలో నొక గది యద్దెకుఁ దీసికొని, నాలుగు కంప్యూటర్లుంచి, ప్రతి సాయంకాలము తల్లులకును బిడ్డలకును గలిపి నేర్పవలయును. వాకిట కులము నడుగవలదు. దాతలు యంత్రములు కొనుఁడు. మన యువకులు నేర్పుదురు. హాజరు వ్రాయుటకు నేను గూర్చుండెదను. సంఘభవనముపై రెండవ యంతస్తు మఱునేఁటఁ గట్టుకొనవచ్చును. బిడ్డల యీడు మనకొఱకు నిలువదు.