నాలుగో ఏడు చదువు ఎవరికి?



1959లో దక్షిణాఫ్రికా తెల్ల సర్కారు చట్టం తెచ్చి, అనుమతి లేనిదే నల్లజాతి పిల్లలు తెల్లవాళ్ల యూనివర్సిటీల్లో చేరొద్దన్నది. ఆ చట్టం పోయింది. మరి పేదపిల్లలు ఇప్పుడు ఆగిపోతున్నది ఎక్కడ?

అక్కడ మామూలు డిగ్రీ 3 ఏండ్లు. ఆ మీద ఆనర్స్ ఒక ఏడు. అది చేస్తే మాస్టర్స్‌కు దారి. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో ఆనర్స్ అంటే ఉత్త కంప్యూటర్ నడుపుడు కాదు. ఆఫీసులో ఏ వివరం రాసుకోవాలె, ఎవరు ఎక్కించాలె, తప్పు పడితే ఎవరు దిద్దాలె అని ఆలోచించి ఏర్పాటు చేసే చదువు. సొంతంగా పరిశోధన కూడా చెయ్యాలె.

2015లో విద్యార్థులు ఫీజుల మీద తిరగబడ్డరు. 2018 నుంచి ఏడాదికి 3,50,000 ర్యాండ్ల లోపు ఆదాయమున్న ఇండ్ల పిల్లలకు డిగ్రీ ఖర్చు సర్కారు పెట్టుకుంటున్నది. ఆనర్స్‌కు మాత్రం ఆ సాయం అందదు. వేరే స్కాలర్‌షిప్‌కు పోటీ పడాలె.

మా ఇండ్లల్ల మొదటి డిగ్రీలు మావే. పట్టా చేతికి రాంగనే ఇల్లు జీతం కోసం ఎదురుచూస్తదని మాకు ఎరుకే. అక్కడి పేదపిల్లలదీ అదే గోస. మన రేషనూ పింఛనూ కంప్యూటర్లకెక్కినయి. ఆ ఏర్పాట్లు చేసే కాడ మనోళ్లు ఉండాలంటే స్కాలర్‌షిప్ పై చదువు దాకా రావాలె. డిగ్రీతోనే సంబురపడి ఊకుందామా? అడుగుదాం, కొట్లాడుదాం!