పాలకొల్లు మాండలిన్ బెర్లిన్ జాజ్ పండగకు ఎట్లా పోయింది?

రాజంపేట నుంచి మీ వాడిని. పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు అడిగినాడు, "అన్నా, జాజ్ అమెరికావాళ్ళది, మనకెందుకు?" అని. నిజమే, వాళ్ళదే. న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతివాళ్ళు వందేళ్ళకు పైగా ముందు పుట్టించిన సంగీతం. కానీ 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో 14 ఏళ్ళ తెలుగు పిల్లోడు కూర్చొని కర్ణాటక సంగీతం వాయించినాడు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. మాండలిన్ శ్రీనివాస్ అంటే మీ నాన్నలకు టక్కున గుర్తొస్తాడు.

అసలు మాండలిన్ మన సంగీతానికి పనికొచ్చే వాయిద్యమే కాదనేవాళ్ళు అప్పట్లో. ఎందుకంటే దానికి తీగలు జంటలు జంటలుగా ఉంటాయి, మీటిన శబ్దం వెంటనే ఆరిపోతుంది. మనకేమో గమకం కావాల. స్వరం ఊగాల, జారాల. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు. జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. శబ్దం నిలబడింది, గమకం పలికింది. నేను కోడ్ రాసే ఉద్యోగం చేసినోణ్ణి కాబట్టి నాకిది భలే నచ్చుతుంది. హార్డ్‌వేర్ మార్చి సమస్య తీర్చినాడు!

ఇంకో సంగతి. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లోడు విని వాయించేవాడు. అంతే.

ఈ మాట మా ఊళ్ళో పెళ్ళి బ్యాండులో శాక్సఫోన్ వాయించే ఒకన్నకు చెప్పినా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. డీజేలు వచ్చినాక ఆయనకు పిలుపులు బాగా తగ్గినాయి. కొడుక్కి నేర్పిద్దామంటే, "నాకు సినిమా పాటలే వచ్చు, రాగం నేర్పేవాళ్ళు ఈడ యాడున్నారు?" అంటాడు. ఇప్పుడేమో, "అయితే పాడేవాళ్ళ దగ్గరికి పంపినా చాలంటావా?" అని నన్నే అడిగినాడు. నేనేం చెప్పేది? చాలిందన్నా, ఒకాయనకైతే చాలింది అన్నా.

"వాయించేది ముందే అనుకుంటావా అన్నా?" అని కూడా అడిగినా. "పల్లవి తెలిసిందే గదా. మధ్యలో గాలి యాటికి తీసకపోతే ఆటికి. మళ్ళా పల్లవికి రావాల, రాకపోతే డోలు కొట్టేటోడు తిడతాడు" అన్నాడు. జాజ్ అన్న మాటే ఆయన వినలేదు. కానీ జాజ్ వాళ్ళు చేసేదీ దాదాపు ఇదే: ముందు అందరూ కలిసి వరస వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరు తమ సొంతం అల్లుతారు, చివరికి మళ్ళీ ఆ వరసకే వస్తారు. మన కచేరీల్లో దాన్నే మనోధర్మం అంటారు. తేడా లేకపోలేదు. జాజ్‌లో ఎక్కువగా కార్డ్స్ మారుతూ పోతాయి, వాటిమీద నడవాల. మనకు కింద శ్రుతి ఒక్కటే, రాగం గీత దాటకూడదు.

ఆ దూరం తగ్గించినోళ్ళలో మైల్స్ డేవిస్ ఒకడు. 1959లో 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్‌లో కార్డ్స్ తగ్గించి స్కేల్ మీదే ఎక్కువసేపు నిలబడినాడు. తర్వాత ఆయన దగ్గర గిటార్ వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ మనవాళ్ళతో 'శక్తి' పెట్టినాడు. అదే బృందం 'రిమెంబర్ శక్తి'గా మళ్ళీ మొదలైనాక అందులో ఆయన పక్కన కూర్చున్నది మన పాలకొల్లు శ్రీనివాసే. ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు జవాబిచ్చుకుంటున్నట్టు వాయిస్తారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని వినండి, ఫోన్ స్పీకర్లో వద్దు.

2014 సెప్టెంబర్ 19న చెన్నైలో పోయినాడు. 45 ఏళ్ళే.

వచ్చే ఎపిసోడ్ పక్కనే మా తాళ్ళపాక నుంచి. అన్నమయ్య రాగిరేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, వరస మాత్రం లేదు. మరి మనం ఇప్పుడు వినే వరసలు ఎవరు కట్టినారు? రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి దగ్గర మొదలుపెడదాం. శాక్సఫోన్ అన్న కూడా వస్తానన్నాడు, కొడుకుని తీసుకొని.