మొదటి ఇల్లు ఏ వూళ్ళో?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని కార్యదర్శిగారు అడిగారు. మేము పండితులం కాము, ప్లాట్ల వ్యాపారులం అంతకన్నా కాము. ప్రొద్దుటూరులో ఒక గుడ్డల అంగట్లో గుమాస్తాగిరీ చేసి, ఇంట్లో మిషను కుట్టి, ఆ రెండు సంపాదనలతో ఒక చిన్న ఇల్లు కొనుక్కున్న దంపతులం. మాటమాటకూ "మేము" అంటున్నామంటే, ఆ ఇల్లు ఒక్కరి కష్టంతో రాలేదు గనుక.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలన్నారు. మా అనుభవంలో ఆ రెంటికన్నా ముందు ఇంకొకటి వుంది: వూరు ఎంచి చూడు! ఇంట్లో గోడ నచ్చకపోతే పడగొట్టి కట్టుకోవచ్చు. వంటిల్లు ఇరుకైతే ముందుకు జరుపుకోవచ్చు. వూరు తప్పితే మాత్రం దిద్దుకోవడానికి సగం ఆయుష్షు పడుతుంది. మాకు పదేండ్లు పట్టింది.

మా పరిస్థితి ఏమంటే, మూడు వూర్లు మమ్మల్ని మూడు దిక్కులకు లాగేవి. మాది పులివెందుల. నాయన అక్కడి ఖబరస్తాన్లోనే వున్నాడు. అమ్మ తమ్ముడి దగ్గర అక్కడే వుండేది. అత్తగారి వూరు జమ్మలమడుగు. అన్నం పెట్టేది ప్రొద్దుటూరు. ఈ అవస్థ మా ఒక్కరిదే కాదు, ఈ సభలో కూర్చున్నవాళ్ళలో సగం మందిది.

2007లో జమ్మలమడుగు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. ఇంక చూడండి, టీ అంగడి కాడ, మసీదు మెట్లకాడ, పెండ్లి పందిట్లో, ఎక్కడ చూసినా అదే మాట. "ఈ రోజు కొంటే వేలల్లో, రేపు అమ్మితే లక్షల్లో" అన్నాడొక మధ్యవర్తి. మేము అద్దె ఇంట్లోనే వుంటూ, ఇంటామె మెళ్ళో నాలుగు తులాల బంగారం అమ్మి, వూరి బయట ఒక ప్లాటు కొన్నాము. ఇల్లు కడదామని కాదు సోదరులారా, ధర పెరుగుతుందని కొన్నాము. ఆ తేడా మాకప్పుడు తెలియలేదు.

ఆ పని ఆగిపోయింది. మళ్ళీ 2018 డిసెంబరులో ఆ ప్రాంతంలోనే ఇంకొక చోట శంకుస్థాపన అయింది. 2019 డిసెంబరులో సున్నపురాళ్ళపల్లె దగ్గర మరొకటి, 2023 ఫిబ్రవరిలో అక్కడే భూమిపూజ. ఫ్యాక్టరీ వద్దని మేము అనము. వస్తే మన పిల్లలకే నాలుగు వుద్యోగాలు. అయితే ఒక్కొక్క రాయి పడినప్పుడల్లా ఎంతమంది గుమాస్తాలు, ఎంతమంది కువైట్ కష్టజీవులు ప్లాట్లు కొన్నారో లెక్కపెట్టుకోండి. శంకుస్థాపన రాయి చూసి ఇంటి పునాది వేసుకోరాదని చెప్పడమే మా ఉద్దేశం.

2015లో పెద్దమ్మాయి చదువుకు డబ్బు కావాల్సి వచ్చి ఆ ప్లాటు అమ్మబోతే, కొన్న ధర కూడా పూర్తిగా చేతికి రాలేదు. ఆ ఎనిమిదేండ్లలో బంగారం మాత్రం రెండింతలు దాటింది. ప్రొద్దుటూరులో, బంగారం అంగళ్ళ నడుమ కాపురముంటూ, బంగారం అమ్మి ముండ్లచెట్లు కొన్న తెలివి మాది! ఇంటామె ఒక్కనాడు కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తివుంటే మాకు కొంచెం తేలికగా వుండేది.

ప్లాటు లేకున్నా, అత్తగారి వూరే కదా, జమ్మలమడుగులోనే ఒక పాత ఇల్లు కొందామని తర్వాత అనుకున్నాము. నాపరాళ్ళు పరిచిన మంచి ఇల్లు, ధర కూడా తక్కువ. రోజూ ప్రొద్దుటూరికి వచ్చిపోవచ్చు గదా అన్నారు అందరూ. ఆ రాత్రి కాగితం పెన్సిలు తీసుకుని మా అమ్మాయి లెక్క వేసింది. పోనురాను, బస్సుకోసం నిలబడే పొద్దుతో కలిపి రోజుకు గంటన్నర. నెలకు 26 పనిదినాలంటే 39 గంటలు. ఏడాదికి 468 గంటలు, అంటే పందొమ్మిదిన్నర రోజులు! "అబ్బా, నువ్వు ఏడాదిలో ఇరవై రోజులు బస్సులో కాపురముంటావు" అంది. రంజాన్ నెలలో, పెండ్లిండ్ల కాలంలో అంగడి మూసేసరికి ఎంత రాత్రవుతుందో గుడ్డల అంగళ్ళలో పనిచేసే సోదరులకు చెప్పనక్కరలేదు. ఇంటిధరలో మిగిలేది బస్సుకూ, ఒంటికీ పోతుందని తేలింది.

ఇక పులివెందుల. సొంత వూరు, చీనీ తోటలు, అరటి తోటలు. 2006లో ఇంజనీరింగు కాలేజీ కూడా వచ్చింది. రైలు లేదు గాని బస్సులకు కొదవ లేదు. అక్కడ కొనాలని మా మనసు పీకేది. నాయన ఖబరు వున్న వూరు. అమ్మను అడగకుండా ఎట్ల? పోయి అడిగాము.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇట్ల అంది: "మీ నాయన కాడికి నెలకొకసారి వచ్చి ఫాతిహా చదివిపోతే చాలప్పా. ఆయప్ప యాడికీ పోడు. పొద్దు గుంకితే పిల్లోల్ల కాడికి చేరేది నువ్వు. నీ కూడు యాడుంటే ఆడ కొనుక్కో. నన్నుగూడా ఆడికే పిలుచుకపో."

ఆ మాటతో మా చిక్కు తీరింది. 2017లో ప్రొద్దుటూరులో రెండు గదుల పాత ఇల్లు కొన్నాము. అంగడికి నడిచిపోయే దూరం. చిన్నపిల్లలకు బడి దగ్గర. కుట్టుపనికి ఇరుగుపొరుగే గిరాకీ. అంతకు ముందటేడు, 2016లో, ఎర్రగుంట్ల-నంద్యాల రైలుమార్గం పూర్తయి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రెంటికీ రైలు వచ్చింది గనుక అత్తగారి వూరికీ మాకూ ఇంకొక దారి దొరికింది. అమ్మ మా దగ్గర నాలుగేండ్లుంది. చివరికి పులివెందులలో నాయన పక్కనే చేర్చాము.

ఇదంతా విని, అందరూ ప్రొద్దుటూరులోనే కొనండి అని మేము చెబుతున్నట్టు ఎవరూ అనుకోవద్దు. బంగారం పని, గుడ్డల వ్యాపారం, మగ్గం నమ్ముకున్నవాళ్ళకు ప్రొద్దుటూరు. నాపరాతి గనులను, పాలిషు మిషన్లను నమ్ముకున్న సోదరునికి జమ్మలమడుగో, ఎర్రగుంట్లో మేలు. అరటికాయల వ్యాపారికి పులివెందులను మించింది లేదు. కువైట్లో వుండే తమ్ముళ్ళకు మాత్రం వేరే మాట చెప్పాలి: మీరు ఏడాదికొకసారి వచ్చి చూసే వూరు కాదు, మీ భార్యాబిడ్డలు మూడువందల అరవైఅయిదు రోజులూ బతికే వూరు చూడండి. రాత్రి పిల్లకు జ్వరమొస్తే తలుపు తట్టగల ఇల్లు పక్కన వుందా అని ఆమెను అడగండి. ఇల్లు కొనకముందు పొరుగును చూడమని మన పెద్దలు వూరికే చెప్పలేదు.

గండికోట రిజర్వాయరులో 2020లో మునిగిన తాళ్ళప్రొద్దుటూరు లాంటి వూర్ల వాళ్ళను తలుచుకోండి. పరిహారంతో ఇల్లు ఎక్కడైనా కట్టుకోవచ్చు. పాత వాడకట్టును మాత్రం ఏ పరిహారమూ మళ్ళీ కట్టివ్వదు. వూరు ఎంచుకునే అవకాశం చేతిలో వున్నవాళ్ళం మనం దాన్ని తేలికగా తీసుకోరాదు.

చివరగా, కొనబోయేవాళ్ళకు మా అనుభవం కొద్దీ కొన్ని మనవులు.

ఆ వూరికి, ఆ వీధికి రెండుసార్లు పోండి. మే నెలలో ఒకసారి పోయి కొళాయి ఎన్నాళ్ళకొకసారి వస్తుందో, బోరు ఎంత లోతో ఆడవాళ్ళను అడగండి. నవంబరులో ఒకసారి పోయి వాననీళ్ళు ఎక్కడ నిలుస్తాయో చూడండి. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట దిక్కు వూర్లు ఏమయ్యాయో మన జిల్లా వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఏటి గట్టున, వంక పోరంబోకులో చవకగా వచ్చే స్థలం చవక కాదు.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈ.సీ. తీయించండి. స్థలం 22-ఏ నిషేధిత జాబితాలో వుందేమో, డి.కె.టి. పట్టాయేమో విచారించండి. ముఖ్యంగా వక్ఫ్ భూమి అయితే దండం పెట్టి వెనక్కి రండి. దాని అమ్మకం చట్టప్రకారం చెల్లదు. మన మనస్సాక్షికీ చెల్లదు.

కొనేముందు ఆరునెలలు ఆ వీధిలోనే అద్దెకు వుండి చూడటం అన్నిటికన్నా మేలు. అద్దె దండగ అనుకోకండి. మేము కట్టిన దండగతో పోలిస్తే అది దండగే కాదు.

ఇంకొక్క మాట. వీలైతే రిజిస్ట్రేషను ఇంటామె పేరుతో చేయించండి. మేము అట్లనే చేశాము. నాలుగు తులాల బాకీ మాకింకా తీరలేదు. దానికి అది వడ్డీ లేని మొదటి కంతు అనుకున్నాము.

 ఇల్లు లేని ప్రతి కుటుంబానికీ అల్లాహ్ తన దయతో నీడ కల్పించుగాక. ఆమీన్.