ముందు పోస్టుమార్టం, తర్వాతే ఎంబామింగ్

గల్ఫ్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి చేరే మన జగిత్యాల, నిజామాబాద్ వలస కార్మికుల పార్థివ దేహాలకు కుళ్లిపోకుండా ఎంబామింగ్ చేసి పంపుతారు. ఇల్లు చేరాక పెట్టె తెరిచి తల్లికి కొడుకు ముఖం చూపించగలమా లేదా అన్నది ఆ పని ఎంత శ్రద్ధగా జరిగిందన్న దాని మీదే ఉంటుంది. మామూలుగా మెడ లేదా తొడ ధమనిలోకి ఫార్మాలిన్ ద్రావణం ఎక్కిస్తే రక్తనాళాల దారినే అది ఒళ్లంతా పాకుతుంది. పోస్టుమార్టం జరిగిన దేహంలో ఆ దారి తెగిపోయి ఉంటుంది. అప్పుడు తలకు, చేతులకు, కాళ్లకు విడివిడిగా ఆరు చోట్ల ఎక్కించాలి. లోపలి అవయవాలను వేరుగా చూసుకోవాలి. నీరు పట్టిన దేహానికి గాఢత పెంచాలి. కామెర్లతో పోయినవారికి ఆ గాఢతే చేటు, పసుపు రంగు కాస్తా ఆకుపచ్చకు తిరుగుతుంది.

ఇంత కష్టమెందుకు, ముందే ఎంబామింగ్ చేసేస్తే పోదా అని కొందరంటారు. కూడదు. ఫార్మాలిన్ సయనైడ్ వంటి విషాల ఆనవాళ్లను చెరిపేస్తుంది. ద్రావణంలోని మిథనాల్ మద్యం పరీక్షను తికమక పెడుతుంది. ఐస్ బాక్సు చాలదా అంటే, చల్లదనం కుళ్లడాన్ని నెమ్మదింపజేస్తుందే గానీ పూర్తిగా ఆపదు. అయినా దర్యాప్తు మిగిలి ఉంటే అదే మేలు. ఉదాహరణకు గాంధీ ఆసుపత్రిలో అలా చల్లదనంలో ఉంచిన చటాన్‌పల్లి పోలీసు ఎన్‌కౌంటర్ మృతులకు హైకోర్టు ఆదేశంతో 2019 డిసెంబరు 23న రెండోసారి పోస్టుమార్టం జరిగింది. మరణించి అప్పటికి 17 రోజులు. మరణంపై ఏ కాస్త అనుమానమున్నా ముందు పోస్టుమార్టం అడగండి, ఆ తర్వాతే ఎంబామింగ్‌కు ఒప్పుకోండి.