ఇంటిలో మట్టి లేని సేద్యము: ఏ పద్ధతి ఎన్నుకొనవలెను?



మట్టి లేకుండ నీటిలోనే ఆకుకూరలు పెంచు పద్ధతిని గురించి మీలో పలువురు అడుగుచున్నారు. గొట్టములు, పంపు, దీపములు అన్నియు అమర్చి ఇచ్చెదమని చెప్పువారును ఉన్నారు. పెట్టుబోవు డబ్బు మీది. కనుక ఏదియు కొనకముందే కొన్ని సంగతులు మనవి చేయుదును.

ఇది మంత్రము కాదు. మొక్క మట్టిని తినదు. నీటిలో కరిగిన పోషకములను వేళ్ళతో పీల్చుకొనును. ఆ పోషకములను మనమే నీటిలో కలిపి ఇచ్చినచో మట్టి లేకున్నను పెరుగును. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున గెరికె అను శాస్త్రజ్ఞుడు ఇట్లు టమాటాలు పెంచి చూపి, 1937లో దీనికి హైడ్రోపోనిక్స్ అను పేరును వాడుకలోనికి తెచ్చెను. మరుసటి సంవత్సరమే అక్కడి హోగ్లండ్, ఆర్నన్ అను శాస్త్రజ్ఞులు ఒక చిన్న పుస్తకము వెలువరించి, పోషక ద్రవము తయారు చేయు విధము తెలుపుచు, దీనిని గురించి పుట్టిన అతిశయోక్తులను నమ్మవద్దనిరి. ఆ మాట నేటికిని చెల్లును.

ఇంటిలో చేయదగినవి ముఖ్యముగా మూడు పద్ధతులు. మొదటిది, వాలుగా పెట్టిన గొట్టములలో పోషక ద్రవమును పలుచని పొరగా పంపుతో ఎడతెగక పారించుట. రెండవది, తొట్టిలో ద్రవము నింపి, చిన్న యంత్రముతో దానిలోనికి గాలి బుడగలు పంపుట. మూడవది, పంపు గాని గాలి యంత్రము గాని లేక, మూత గల పెట్టెలో ద్రవమును నిలువ ఉంచుట. ఈ మూడవ దానిని హవాయి విశ్వవిద్యాలయమునకు చెందిన క్రాట్కీ అను శాస్త్రజ్ఞుడు ప్రచారము చేసెను.

నా అనుభవము ఒకటి చెప్పెదను. మా ఇంటి వసారాలో మొదట గొట్టముల పద్ధతినే పెట్టితిని. మొక్కలు ముచ్చటగా పెరిగినవి. మార్చి నెలలో ఒకనాడు పొరుగూరికి పోయి సాయంకాలము తిరిగి వచ్చుసరికి ఆకులన్నియు వ్రేలాడబడి ఉన్నవి. మధ్యాహ్నము కరెంటు పోయినది, పంపు ఆగినది. తెగులు లేదు, ఎరువు లోపము లేదు; పారు నీరు ఆగినది, అంతే. గొట్టములలో నిలువ నీరు ఉండదు కనుక ఎండపూట కొద్ది గంటలలోనే వేళ్ళు ఎండినవి. రెండవ పద్ధతిలో వేళ్ళు నీటిలోనే ఉండును గాని, గాలి ఆగినచో ఊపిరాడదు. నీరు వేడెక్కిన కొలది దానిలో కరుగు ప్రాణవాయువు తగ్గును: 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద సుమారు ఏడున్నర మాత్రమే.

అందుచేత కరెంటు మీద నమ్మకము లేనివారు, పొలము పనుల మధ్య దీనిని చూచుకొనువారు నిలువ నీటి పద్ధతితోనే ఆరంభించవలెను. అది ఎట్లు పని చేయునో వినండి. నాటిన రోజున జాలి కప్పు అడుగు ద్రవమునకు తగిలి ఉండవలెను. మొక్క త్రాగిన కొలది మట్టము దిగును. పైన ఏర్పడిన ఖాళీలో తేమగాలి నిలుచును. అచ్చటి వేళ్ళు గాలిని, క్రింది వేళ్ళు ద్రవమును తీసుకొనును. కనుక నీరు తగ్గినదని పెట్టెను మరల నిండుగా పోయరాదు. అట్లు పోసినచో గాలికి అలవాటుపడిన వేళ్ళు మునిగి మొక్క చచ్చును. తప్పనిసరి అయినచో సగము మించకుండ పోయవలెను.

పెట్టెకు ఎక్కువ ఖర్చు అక్కరలేదు. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు గల థర్మోకోల్ పెట్టెలో నల్లని పాలిథీన్ షీటు పరచి, 15 సెంటీమీటర్ల లోతున ద్రవము పోసినచో 36 లీటర్లు పట్టును. మూతకు ఆరు రంధ్రములు చేసి ఆరు మొక్కలు పెట్టినచో ఒక్కొక్కదానికి 6 లీటర్లు వచ్చును. లెట్యూస్ వంటి కూర ఒక కోతకు వచ్చువరకు ఇది సాధారణముగా చాలును. నింపిన పెట్టె 36 కిలోలు తూగును. ముందే చోటు చూచి నేలపై ఉంచి నింపవలెను. వెలుతురు లోనికి పోయినచో పాచి పట్టును, సందు ఉన్నచో దోమ గ్రుడ్లు పెట్టును. మూత బిగువుగా ఉండవలెను. పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినను వాడరాదు.

నారును కొబ్బరి పొట్టులో పెంచి, నాలుగు ఆకులు వచ్చినపుడు జాలి కప్పులలో పెట్టవలెను. ఆరంభమునకు లెట్యూస్, పాలకూర మంచివి. టమాటా, వంగ ఎక్కువకాలము ఎక్కువ నీరు త్రాగును. వాటి జోలికి మొదట పోరాదు.

ఎరువు విషయమున పొరపాటు పడువారు పలువురు. యూరియా పనికిరాదు, దానిని మొక్కకు అనువుగా మార్చు సూక్ష్మజీవులు ఈ నీటిలో చాలినన్ని ఉండవు. 19-19-19 ఒక్కటే వేసినచో సున్నపు ధాతువు అందదు. మట్టి లేని సేద్యమునకని తయారైన రెండు భాగముల ఎరువు తెచ్చి, డబ్బాపై వ్రాసిన మోతాదున వాడవలెను. కాల్షియం నైట్రేటు ఉన్న భాగమును రెండవ దానితో చిక్కగా కలిపినచో ముద్దకట్టి అడుగున పడును. ఒకటి నీటిలో బాగుగా కలిపిన పిమ్మటనే రెండవది పోయవలెను. ద్రవపు ఉదజని సూచిక 5.5 నుండి 6.5 వరకు ఉండవలెను. బోరు నీరు ఉప్పగా ఉన్నచో వాననీరు పట్టి వాడుట మేలు.

ఇక దీపముల సంగతి. ఆకుకూరలకు చీకటి గదిలో చదరపు మీటరుకు సుమారు 80 వాట్ల మంచి ఎల్.ఇ.డి. దీపము కావలెను. రోజుకు 14 గంటలు వెలిగించినచో 1.12 యూనిట్లు, 30 రోజులకు 33.6 యూనిట్లు కాలును. మీ కరెంటు రేటుతో హెచ్చించి, ఆ చదరపు మీటరులో వచ్చు కూర ధరతో సరిచూడండి. చాలమందికి లెక్క కుదరదు. ఉదయపు ఎండ తగులు తూర్పు వసారా ఉండగా దీపము కొనవలసిన పని లేదు. మన ప్రాంతమున అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలము. వేసవిలో ద్రవము వేడెక్కి వేరుకుళ్ళు వచ్చును.

చివరి మాట. మంచి నేల, నీరు ఉన్నవారికి నేలకంటె చవకైన తొట్టి లేదు. ఇది నేల లేని ఇంటికి, ఉప్పు నేలల ఊరికి, పెరటి కూరకు తగినది. వరికి బదులు కాదు. అప్పు చేసి పెద్ద అమరిక కొనవద్దు. ఒక్క పెట్టె పెట్టి, ఒక్క కోత కోసి, ఖర్చు రాబడి ఒక పుస్తకమున వ్రాసికొనండి. లాభము కనబడిన రెండవ పెట్టె, రెండవది నిలిచిన పదవది. మిగిలిన ద్రవమును చెరువులో పారబోయక పెరటి చెట్లకు పోయండి.